ఐదు గంటల తెల్ల మందారం

"భానుశ్రీ ఇంకా మన మనిషేనా, అమ్ముడుపోయిందా? సాయంత్రానికి తేలాలి" అన్నాడు చీఫ్.

విజయవాడ వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ వెనకగది అది. పొద్దున్నే ఢిల్లీ నుంచి దిగిన చీఫ్ తన ఫోన్‌ను ఏజెంట్ అఫ్రాజ్ ముందుకు తోశాడు. తెర మీద ఫొటో: కిటికీలో గ్లాసు, గ్లాసులో తెల్ల మందారం. కింద భానుశ్రీ మెసేజ్: "పువ్వు తన రంగులో ఉంటేనే రండి."

భానుశ్రీ నవ్విందంటే ఎదుటివాడు అడక్కుండానే పాస్‌వర్డ్ చెప్పేస్తాడు. ఏడాదిగా ఆమె ఒక విదేశీ ముఠాలో చేరి డబుల్ ఏజెంట్‌గా నెట్టుకొస్తోంది. మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లున్న పెన్‌డ్రైవ్ ఆ ముఠా చేతికి చిక్కింది. దాన్ని చల్లపల్లిలో తానుండే ఇంట్లో అప్పగిస్తానని ఆమె కబురు.

"తెల్లగా ఉంటే బెల్ కొట్టు. తేడా వస్తే మైకులో కోడ్‌వర్డ్ చెప్పు: 'గ్యాస్ లీకైంది'."

"పొద్దున తొమ్మిదింటి మీటింగ్ సాయంత్రం ఐదుకెందుకు మారింది సార్?"

"ఆవిడే మార్చమంది. నా అనుమానమూ అదే."

సరిగ్గా ఐదింటికి అఫ్రాజ్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ఆ ఇంటి గేటు తీశాడు. మల్టీమీటర్‌లో మైకుంది, పక్కవీధిలో జీపుల్లో చీఫ్, అతని మనుషులు వింటున్నారు. వీధి చివర అద్దాలెత్తిన బూడిదరంగు కారు ఆగి ఉంది. అది అతనికి నచ్చలేదు. కిటికీలో మాత్రం మందారం తెల్లగా ఉంది.

కాలింగ్ బెల్ వైపు వేలు చాపుతూ ప్రహరీ పక్కనున్న మొక్కను చూశాడు. అదే మందారం, కానీ పూలన్నీ ఎర్రగా ఉన్నాయి.

వేలు బెల్‌కి అంగుళం దూరంలో ఆగింది. వాళ్ల అమ్మీ కరీమున్నీసా ఈ మొక్కే పెంచేది. పొద్దున తెలుపు, మధ్యాహ్నం గులాబి, సాయంత్రానికి ఎరుపు. రంగు మారకూడదని చిన్నప్పుడు ఒక పువ్వును ఫ్రిజ్‌లో దాచి చీవాట్లు తిన్నాడు. అది రాత్రిదాకా తెల్లగానే ఉంది.

తన రంగంటే ఆ వేళకుండే రంగు!

"గ్యాస్ లీకైంది" అని మల్టీమీటర్‌తో చెప్పి, మెకానిక్‌లాగే తాపీగా ఇంటి పక్కకు నడిచాడు. వంటింటి కిటికీలోంచి కుర్చీకి కట్టేసిన భానుశ్రీ కనిపించింది. నోటికి టేపు. కళ్లతో పైకి చూపిస్తోంది. బెల్ వైరు గోడ మీదుగా వచ్చి ఆమె కుర్చీ కింద బాంబు పెట్టెలోకి దిగింది. అఫ్రాజ్ మీటర్ బోర్డు దగ్గరికి ఉరికి ఫ్యూజు పీకేశాడు. వీధి చివర చీఫ్ జీపులు బూడిదరంగు కారును చుట్టుముట్టాయి.

తలుపు పగలగొట్టి ముందు ఆమె టేపు ఊడదీశాడు.

"నా మెసేజ్ వాళ్లకి దొరికిపోయిందండీ. బాంబు అమర్చాలని టైము మార్చింది వాళ్లే. తన రంగంటే తెలుపేగా అన్నారు, అవునన్నాను. పువ్వు వాడిపోకుండా ఫ్రిజ్‌లో పెడదామన్నాను."

పెన్‌డ్రైవ్ కార్లోనే దొరికింది. జీపు దిగి వచ్చిన చీఫ్ ఆమె ముందు తలొంచుకున్నాడు. "నిన్ను అనుమానించానమ్మా."

"నన్ను అనుమానించారు సరే సార్, పువ్వునెలా నమ్మేశారు?"

చీఫ్ గబుక్కున అఫ్రాజ్ వైపు తిరిగాడు. "ఇంతకీ ఆ ఫ్రిజ్ ఎలా ఉందయ్యా?"

"కూలింగ్ బ్రహ్మాండం సార్. వాళ్ల కొంప ముంచింది అదే."