గొంతు పోయిన కంప్యూటర్

సోమవారం పొద్దున ఆమె స్విచ్ వేసింది. లోపల ఫ్యాను తిరిగింది కానీ కంప్యూటర్ నోరు విప్పలేదు.

చూపు లేని ఆమెకు తెర మీదున్నదంతా చదివి వినిపించే గొంతు అది. ఆ చిన్న రేడియో స్టేషన్లో ఆమె సౌండ్ ఎడిటర్. తలుపు అవతలి గుసగుసలు కూడా పట్టేస్తుందని అందరూ ఆమెను పాముచెవులు అంటారు. అలాంటి చెవులకు ఆ పొద్దున ఒక్క ముక్క వినపడలేదు. హెడ్‌ఫోన్స్ తీసి మళ్లీ పెట్టుకుంది.

సాయంత్రం ఆరింటికి ఆమె సొంత కార్యక్రమం, మొట్టమొదటిది. మూతపడిన నూలు మిల్లు సైరన్ గురించి. నాన్న అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ సైరన్‌తోనే నిద్ర లేచాడు. అది చివరిసారి మోగినప్పుడు గేటు దగ్గర నిలబడి ఆమే రికార్డు చేసింది. ఎడిటింగ్ ఇంకా సగమే అయింది.

కారిడార్లో కిర్రుకిర్రుమని బూట్లు వినిపించాయి. కొత్తగా చేరిన కంప్యూటర్ ఇంజనీరు.

"ఎలా ఉంది మేడమ్? నిన్న సెలవైనా వచ్చి మీ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాను. అందరికంటే ముందు మీదే."

"ఎవర్ని అడిగి?"

"అంటే... సర్‌ప్రైజ్‌గా ఉంటుందని."

"బాగానే ఉంది మీ సర్‌ప్రైజ్. దీనికి మాట పడిపోయింది."

అతను కుర్చీ లాక్కుని టకటకా నొక్కాడు. కొత్త సిస్టమ్‌కి సొంత గొంతు ఒకటి ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే అదీ మూగబోయింది. ఆమె ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్న పాత గొంతేమో ఈ కొత్తదాంట్లో పలకనే పలకదు.

"కంగారు పడకండి, పాత వెర్షన్‌కి వెనక్కి తెచ్చేద్దాం. చిటికెలో పని."

"అయితే తెర మీద ఏముందో చదవండి. మీకు ముఖ్యమనిపించింది కాదు, ఉన్నది ఉన్నట్టు."

అతను చదవడం మొదలుపెట్టాడు. సెట్టింగ్స్, రికవరీ, గో బ్యాక్. తర్వాత గొంతు ఆగిపోయింది.

"చదవండి."

"పాత వెర్షన్‌కి వెళ్లడం కుదరదు. అందుకు కావలసిన ఫైళ్లు తొలగించారు."

"ఎవరు తొలగించారు?"

"నేనే. డిస్క్‌లో చోటు మిగులుతుందని నిన్ననే ఊడ్చేశాను."

అతను అబద్ధం ఆడొచ్చు. కంప్యూటర్ మీదకి నెట్టేయొచ్చు. ఆడలేదు, నెట్టలేదు. ఆమెకు కోపం తగ్గలేదు గానీ తిట్టబుద్ధి కాలేదు.

ఈలోగా మేనేజర్ తలుపు తోశాడు. "ఏమ్మా, ప్రాబ్లమ్ అట కదా. మన సీనియర్ ఎడిటర్ పక్క గదిలో ఖాళీగానే ఉన్నాడు, మిగతా సగం అతను చుట్టేస్తాడు. నీకీ టెన్షన్ ఎందుకు?"

"చుట్టేయడానికి అది చాప కాదు సార్. భోజనాల తర్వాత దాకా టైమివ్వండి. అప్పటికీ కాకపోతే ఆయనకే ఇచ్చేద్దురు."

మేనేజర్ వెళ్లిపోయాడు.

"ఇంకో దారి ఉంది," అన్నాడు ఇంజనీరు మెల్లగా. "మొత్తం చెరిపేసి పాతది మొదటినుంచీ ఎక్కించాలి. మీ ఫైళ్లు ముందే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేద్దాం."

కాపీ అయింది. చెరిపేద్దామా అని అడిగాడు.

"ఒక్కొక్కటీ వేసి వినిపించండి."

"మేడమ్, టైము..."

"వినిపించండి."

వరసగా వినిపించాడు. గేటు కాపలాదారు నవ్వు, నూలు వడికే ఆవిడ దగ్గు, సైకిల్ బెల్లులు. సైరన్ దగ్గరకొచ్చేసరికి బర్రుమని ఒక చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. కాపీ సరిగా పడలేదు. వినకుండా చెరిపేసి ఉంటే సైరన్ ఇక లేనట్టే.

అతను ఇంకో డ్రైవ్ తెచ్చి మళ్లీ కాపీ చేసి, వాల్యూమ్ పెంచాడు. ఈసారి సైరన్ గది నిండా మోగింది. ఆమె చివరిదాకా విని తలూపింది.

"ఎంటర్ మీ చూపుడువేలి కిందే ఉంది," అన్నాడు. "నొక్కితే ఇందులో ఉన్నదంతా పోతుంది. నొక్కాలా వద్దా మీ ఇష్టం."

ఆమె నొక్కింది.

బయట వాన మొదలైంది. అతను శాతాలు చదువుతూ కూర్చున్నాడు. ముప్పై. ముప్పై ఒకటి. మళ్లీ ముప్పై ఒకటి.

"వార్తలు చదువుతున్నారా?"

"మంచి వార్త వచ్చేదాకా ఇవే హెడ్‌లైన్స్."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఇంతకీ అందరికంటే ముందు నాదే ఎందుకు చేశారు?"

అతను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"మీతో మాట్లాడటానికి ఒక కారణం దొరుకుతుందని. చేరినప్పట్నుంచీ వెతుకుతున్నా."

"కారణం మాత్రం గట్టిదే దొరికింది."

"నలభై," అన్నాడతను. ఆ అంకె కాస్త వణికింది. ఆమె పాముచెవులు దాన్నీ పట్టేశాయి. మనసులో మాత్రం కంగారు రెండింతలైంది. సగం సైరన్ గురించి, సగం ఇంకో సంగతి గురించి.

భోజనాల వేళకి పాత సిస్టమ్ ఎక్కింది. పాత గొంతునూ ఎక్కించాడు. స్పీకర్లోంచి బొంగురుగా "వెల్కమ్" అని వినపడగానే ఆమె బల్ల మీద తల వాల్చేసింది. అతను చప్పుడు చేయకుండా లేచి తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. ఆ తర్వాత ఆమె టీ కూడా ముట్టలేదు. మిగతా సగం ఎడిటింగ్ పూర్తిచేసి ఫైలు పంపేసరికి ఆరు కావస్తోంది.

ఆరింటికి రేడియోలో సైరన్ ఊరంతా వినిపించింది. అది ఆగిన కాసేపటికే అమ్మ ఫోను.

"మీ నాన్న మంచం మీంచి లేచి చొక్కా వెతుక్కున్నారే, డ్యూటీకి టైమైందని. ఇప్పుడేమో కిటికీ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు. నువ్వు తిన్నావా?"

"లేదమ్మా. పొద్దున్నే సిస్టమ్ పాడైంది. ఒకాయన సాయంచేసి బాగుచేశారు."

"ఎవరు పాడుచేశారు?"

"ఆయనే."

"ఇదేం మనిషే."

తలుపు అవతల బూట్లు కిర్రుమన్నాయి. అటు ఇటు నడిచి ఆగాయి. వెళ్లిపోవడం లేదు, తలుపు తట్టడమూ లేదు. ఆమె తలుపు తీసింది.

"వాన గట్టిగా ఉంది," అన్నాడతను. "నా దగ్గర గొడుగుంది. బస్టాపు దాకా రానా?"

"ఇంటిదాకా అయితే రండి. ఇవాళ సైరన్ ఎలా పోబోయిందో మా నాన్నకు మీరే చెబుదురు." ఆమె ఫోను మళ్లీ చెవికి ఆనించింది. "అమ్మా, బయల్దేరుతున్నాం. అరగంటలో వస్తాం."



"వస్తాం అంటే?" అంది అమ్మ. ఆమెకు చెవుల దాకా వేడెక్కింది.

పుట్టినప్పట్నుంచీ ఆమెను 'రా' అని తప్ప పిలవని అమ్మ గొంతు సవరించుకుంది.

"సరే. తడవకుండా మెల్లగా రండి."