వెంకటదుర్గ కుడిచెయ్యి

ఆత్రేయపురం నుంచి ఆటోలో వచ్చిన వెంకటదుర్గ, కుర్చీలో కూర్చుంటూనే, ఇంట్లో ఎవరో తనకు విషం పెడుతున్నారని చెప్పింది. చెప్పి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసింది. ఆవిడ కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమ మోచేతి దగ్గర కమిలిన మచ్చ కనబడుతోంది.

డిటెక్టివ్ స్టెల్లా కొత్తపేటలో ఆఫీసు తెరిచి ఆరేళ్లయింది. అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టేది. ఆ ఉద్యోగం వల్ల మనుషుల మీద ఆవిడకు గౌరవం పెద్దగా మిగల్లేదు. అదే కంపెనీలో గుమస్తాగా రిటైరైన శ్యామ్ బాబు ఇప్పుడు ఆవిడకు అసిస్టెంటు. స్టెల్లా ఎవరిని చీదరించుకుంటే వాళ్లే దొంగలని ఆయన నమ్మకం. ఇన్నాళ్లలో ఆ నమ్మకం ఒక్కసారీ వమ్ము కాలేదు.

వెంకటదుర్గ ముప్పై ఏళ్లుగా పూతరేకులు చేసింది. గుడ్డను బియ్యప్పిండి జావలో ముంచి, కాలే కుండ మీద ఒక్క ఊపున లాగితే, కాగితం కన్నా పల్చటి రేకు లేచి వచ్చేది. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోయింది. ఆవిడ దిగులుతో తిండి మానేస్తే డాక్టరు గారు డిప్రెషన్‌కి ఆకుపచ్చ క్యాప్సూల్ మాత్ర రాశారు. మూడు నెలలకు దిగులు తగ్గింది గాని, రక్తంలో సోడియం పడిపోయి కళ్లు తిరగసాగాయి. ఆయన వెంటనే మాత్ర మాన్పించారు. అంతా సర్దుకుందనుకుంటే, రెండు నెలలుగా మళ్లీ అదే తిరుగుడు. నిద్ర లేదు. రెండుసార్లు పడింది.

"వంట మా కోడలు దుర్గాశ్రీ చేస్తాదండీ. నా అనుమానం దాని మీదేనండీ," అంది వెంకటదుర్గ.

శ్యామ్ బాబు కోడలి పేరు రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.

"ఆ అమ్మాయి ఊళ్లో లేనప్పుడు బాగుండేదాండీ?" అని స్టెల్లా అడిగింది.

"లేదండీ. అది మురమళ్ళ పుట్టింటికెళ్లి పది రోజులున్నాది. నేను రెండోసారి పడ్డది అప్పుడేనండీ."

శ్యామ్ బాబు గుట్టుగా ఆ పేరు కొట్టేశారు. ఇంకెవరి చేత్తోనైనా ఏమైనా తింటారా అని స్టెల్లా అడిగితే, సాయంత్రం కొడుకు నాగసతీష్ తెచ్చే రేకు ఒక్కటేనంది.

"ఎప్పుడూ పంచదార రేకే తినేదాన్నండీ. ఇప్పుడు ఒంటికి మంచిదని బెల్లం రేకు తెస్తన్నాడు. తిన్నాక నాలిక మొద్దుబారినట్టుంటాది. జబ్బు వల్లేమో అనుకున్నాను."

స్టెల్లా ఆవిణ్ణి అదే ఆటోలో డాక్టరు దగ్గరికి పంపింది. ఆ రేకు ముట్టొద్దని గట్టిగా చెప్పింది. సాయంత్రానికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మాత్ర వేసుకున్నప్పటిలాగే సోడియం మళ్లీ పడిపోయింది.

మర్నాడు ఇద్దరూ పెళ్లికి ఆర్డరిచ్చేవాళ్లలా నాగసతీష్ కొట్టుకు వెళ్లారు. గుమ్మం మీద 'అమ్మ చేతి పూతరేకులు' అనే బోర్డు, దాని మీద నిలువెత్తు వెంకటదుర్గ బొమ్మ. బొమ్మలో కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. అమ్మగారేరని అడిగితే వెనకగదిలో ఉన్నారన్నాడు. చెయ్యి వంకరగా కనబడితే బేరానికి బాగుండదట. దీపావళికి హైదరాబాదు నుంచి వీడియో తీసేవాళ్లు వస్తున్నారని, ఈలోగా అమ్మ చెయ్యి బాగైపోతుందని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఇంట్లోవాళ్లను కూడా రానివ్వనంటూ ప్యాకింగు గది తాళం తీసి చూపించాడు. శ్యామ్ బాబు శాంపిల్ రేకు తిని, కాగితం ఆ గది చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగిపోయారు. బుట్టలో ఆకుపచ్చ క్యాప్సూల్ తొక్కలున్నాయి. లోపల మందు లేదు.

ఆదివారం వెంకటదుర్గ ఇంటి అరుగు మీద స్టెల్లా అందరినీ కూర్చోబెట్టింది. తల్లి, కొడుకు, కోడలు. వాళ్లతోబాటు ఫిజియోథెరపీ చేసే జోజి. అతన్ని నాగసతీష్ రెండు నెలల కిందటే మాన్పించాడు.

"డాక్టరు గారు ఆపిన మాత్రని పాత చీటీ చూపించి కొన్నారు. మందుల షాపులో కనుక్కున్నాం," అని స్టెల్లా నాగసతీష్‌తో అంది. "క్యాప్సూల్లో పొడి తీసి, పంచదారలో తెలిసిపోతాదని బెల్లంలో కలిపి రేకు చుట్టేరు. నాలిక మొద్దుబారింది ఆ పొడికే. మీ ఆవిడ ఊళ్లో లేకపోయినా మందు ఆగలేదు. ఆ గది తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంది."

నాగసతీష్ కాదనలేదు. ఆ మాత్రకి పడిపోయిన చెయ్యి లేస్తుందని ఫోన్లో చూశానన్నాడు. అమ్మ మంచి కోసమే చేశానన్నాడు.

"మొదట్లో ఒక చిన్న పరిశోధన ఆ ఆశ పెట్టిన మాట నిజమే. తర్వాత వేలమందికి ఇచ్చి చూస్తే కాళ్లూ చేతులూ దానివల్ల బాగుపడలేదు. పడి ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్లు మాత్రం పెరిగేరు. మీ డాక్టరు గారు ఈ మాట మీకు ముందే చెప్పేరు." స్టెల్లా జోజి వైపు తిరిగింది. "మిమ్మల్ని ఎందుకు మాన్పించేరండీ?"

"చల్లటి కుండ పెట్టి, రోజూ గంటసేపు తడిగుడ్డతో లాగించాలన్నానండీ. ఇంట్లో ఒకరు పక్కన కూర్చోవాలన్నాను. ఏడాది పడతాదన్నాను. దుర్గాశ్రీ గారు కూర్చుంటానన్నారు. ఈయనేమో కొట్లో బేరం ఎవరు చూస్తారన్నారు."

స్టెల్లా పురుగును చూసినట్టు నాగసతీష్‌ని చూసింది. శ్యామ్ బాబుకు ప్రాణం లేచొచ్చింది.

"కన్నతల్లికి దొంగతనంగా మందు పెట్టడానికి తీరిక దొరికింది మీకు. గంటసేపు పక్కన కూర్చోడానికి దొరకలేదు. మీకు కావలసింది అమ్మ చెయ్యి కాదండీ, బోర్డు మీద చెయ్యి. నాకు దొంగలు చాలామంది తెలుసు. వాళ్లకి కాస్త సిగ్గుండేది."

పోలీసులకు చెప్పాలా అని స్టెల్లా వెంకటదుర్గను అడిగింది. వెంకటదుర్గ కోడలి చెయ్యి పట్టుకుని, నిన్ను అనుమానించానమ్మా అని ఏడ్చింది. దుర్గాశ్రీ లోపలికి వెళ్లి చల్లటి కుండ, తడిపిన గుడ్డ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"పోలీసులొద్దండీ," అంది వెంకటదుర్గ. "ఒరే, ఆ బోర్డు దించు."

"దీపావళి ముందరా? ఎన్నాళ్లమ్మా?"

కోడలు ఆవిడ కుడిచేతి వేళ్లు ముడిచి గుడ్డ పట్టించింది. వెంకటదుర్గ లాగింది. గుడ్డ కుండ మీద జానెడు దూరం జరిగి, చేతిలోంచి జారిపోయింది.

"నేను రేకు లాగేదాకా," అని, గుడ్డ మళ్లీ అందించమంది.