రుమాలు విప్పినవాడు

పటాన్‌చెరు రోడ్డు పక్కన స్విచ్చు గదిలో ఆపరేటర్ యాకూబ్ చల్లారిన చాయ్ తాగుతున్నాడు. నిజాం కాలంలో వేసిన లైను అది. కాస్త గాలి వీస్తే చాలు, అలిగినట్టు సంగారెడ్డిలో దీపాలు పోయేవి. ఇప్పుడు రోజుల తరబడి గాలివాన. నిద్రలేక అతని ఒళ్లంతా మొద్దుబారింది. ఆకలి లేదు, విసుగు లేదు. చాయ్‌లో చక్కెర వేశాడో లేదో కూడా తెలియడం లేదు.

మధ్యాహ్నానికే చీకటి కమ్మింది. గదికి ఎదురుగా ఉన్న స్తంభం మీద తీగ తెగింది. లైన్‌మన్ లింగం తన ఎర్ర రుమాలు తెచ్చి స్విచ్చు పిడికి ముడివేశాడు. అది వాళ్ల పద్ధతి. కట్టినవాడే దిగివచ్చి విప్పుకోవాలి. అప్పటిదాకా కలెక్టరొచ్చి చెప్పినా స్విచ్చు వేయకూడదు. పోయిన వానాకాలం, పైన మనిషి ఉన్నాడని తెలియక ఎవరో కరెంటు వదిలారు. గొంగడి కప్పుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ పెద్దరాములు తెగిన తీగ కొసలు రెండూ పట్టుకునే పోయాడు. అతన్ని దించినవాళ్లలో యాకూబ్ ఒకడు. ఆ వేళ్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. పద్ధతి ఆ తర్వాతే వచ్చింది.

"రుమాలు ఉన్నదంటే నేను పైనున్నట్టే. యాది పెట్టుకో భాయ్," అని లింగం వానలోకి వెళ్లాడు.

ఫోను మోగింది. సంగారెడ్డి దవాఖాన కాంపౌండర్ గులాం మొహమ్మద్.

"యాకూబ్ భాయ్, కాన్పుకొచ్చిన సోమమ్మని ఆపరేషన్ బల్ల మీద పండబెట్టిండ్రు. బిడ్డ అడ్డం తిరిగింది. లాంతరు వెలుగుల డాక్టరమ్మకు ఏం కనిపిస్తలేదు. జల్దీ కరెంటియ్యి. లేకుంటే ఇద్దరూ దక్కరు."

"మనిషి పైనున్నడు. దిగంగనే ఇస్త. ఫోను పెట్టకు."

తలుపు చప్పుడు కాలేదు. తల మీదుగా గొంగడి కప్పుకున్న మనిషి లోపలికొచ్చాడు. మొహం కనిపించలేదు. ఉన్ని కాలిన వాసన. ముడి విప్పి రుమాలు భుజాన వేసుకున్నాడు.

"వెయ్యి..." అన్నాడు గుసగుసగా.

యాకూబ్ పిడి పైకెత్తాడు.

"వచ్చింది! దీపాలొచ్చినయ్ భాయ్!" ఫోనులో గులాం అరిచాడు.

యాకూబ్ తిరిగి చూశాడు. గదిలో ఎవరూ లేరు. బయట కుండపోత. ఆ మనిషి నిలబడిన చోట నేల పొడిగా ఉంది.

అప్పుడు వచ్చాడు లింగం. ఒంటి నుంచి నీళ్లు ధారలు కడుతున్నాయి.

"తీగ మెలేసే పకడ్ చేయి జారి బురదల పడ్డది. ఇంకోటియ్యి. తీగ ఇంక కలపనే లేదు..." పిడి చూసి ఆగిపోయాడు. "నా రుమాలేది?"

"నువ్వే విప్పినవ్ గద."

"నేనా? గిప్పుడే దిగిన..."

ఇద్దరూ తలుపులోంచి చూశారు. మెరుపు మెరిసింది. స్తంభం మీద గొంగడి. చాపిన రెండు చేతులు. ఒక్కో చేతిలో ఒక్కో తీగ కొస...

మళ్లీ చీకటి.

"రాములన్న..." లింగం వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. "ఆపు భాయ్... ఆపు..."

భయం వేయాలి. యాకూబ్‌కు వేయలేదు. ఆపితే సోమమ్మ పోతుందని మాత్రం తెలిసింది. పిడి మీద చేయి పెట్టి అలాగే నిలబడ్డాడు. కాలిన వాసన గదంతా నిండుతోంది. బయట ఎవరో మూలుగుతున్నారు. గాలేనని అనుకున్నాడు. లింగం చెవులు మూసుకున్నాడు.

చాలాసేపటికి ఫోనులో సన్నటి ఏడుపు. పసిబిడ్డది.

"ఇద్దరూ బతికిండ్రు!" గులాం కేక వేశాడు. "కుట్లు కూడా అయిపోయినయ్. ఇగ నీ లైను ఆపుకో. మాకు లాంతరు చాలు."

యాకూబ్ పిడి కిందికి లాగాడు. చీకట్లోకి చూస్తూ మెల్లగా అన్నాడు. "రాములన్నా... అయిపోయింది. ఇగ దిగు."

వాన చప్పుడే.

"ఆపిన," అన్నాడు ఫోనులో.

"యాడ ఆపినవ్ భాయ్?" గులాం నవ్వాడు. "దీపాలు వెలుగుతనే ఉన్నయ్ గద."