మదాం జిలాన్‌కి నమ్మకమైన ఇంటర్నెట్

"సబ్రీ ముఖం బయటికి వెళ్ళిపోతోంది" అన్నాడు జనరల్ ఇస్మత్.

కైరోలో గూఢచారి శాఖకి పెద్దదిక్కు అయినవాడు ఆ మాట అనేటప్పుడు కాస్త సిగ్గుపడాలి. ఇస్మత్ పాషాకి ఆ అలవాటు లేదు. ఆ ముఖం పోయింది ఆయన బల్ల మీద నుంచే. కూతురి పెళ్ళి ఫొటోకి వెండి ఫ్రేము కట్టించి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా నిలబెట్టుకున్నాడు. అందులో అతిథుల మధ్య అద్దెకి తెచ్చిన ఎర్ర టర్బూష్ టోపీ నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నవాడే సబ్రీ. యూరప్‌లో ఆయుధాలమ్మే ఒక ముఠాలో ఏళ్ళ తరబడి వాళ్ళ మనిషిలా కలిసిపోయి ఉన్నాడు. తమలో ఒక ఈజిప్టు వేగు ఉన్నాడని ముఠాకి ఈమధ్యే తెలిసింది. ఎవరన్నది తెలియదు. ముఖం చూపిస్తే తెలుస్తుంది, ఆ సాయంత్రానికి సబ్రీ ఉండడు.

ఎదురుగా నిలబడ్డ మేజర్ వగీహ్‌కి సబ్రీ స్వయానా బావ. వగీహ్ అక్క తన మొగుడు అక్కడ ఎరువులమ్ముతున్నాడని నమ్ముతోంది.

"ఫొటో ఎవరు కొట్టేశారు, పాషా?"

"జిలాన్."

వగీహ్ ఆశ్చర్యపోలేదు. మదాం జిలాన్ జెనీవాలో పెరిగిన కైరో పిల్ల. నీలికళ్ళు, ముత్యాల దండ, ఆమె రాకముందే గదిలోకి వచ్చే అత్తరు. శాఖ దగ్గర జీతం తీసుకుంటూ ముఠా దగ్గరా తీసుకుంటోంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరుడి దాకా ఎందుకు, ఇస్మత్ పాషా ఆమె చేతికి కాఫీ కప్పు ఇచ్చి, పంచదార తేవడానికి తనే లేచి వెళ్ళాడట. ఆ పంచదార వచ్చేలోపు ఫొటో మాయమైంది.

"ఇప్పుడే పట్టుకోవచ్చుగా?"

"ఆమెది స్విస్ పాస్‌పోర్టు. ఊరికే పట్టుకుంటే వాళ్ళ రాయబారి నన్ను నమిలేస్తాడు. పైగా అవతల అందుకునేవాడి చిరునామా నాకు కావాలి. ఫొటో బయల్దేరాలి, చేరకూడదు. అర్థమైందా?"

"ఎలా పంపుతుంది?"

"విమానాశ్రయంలో మనవాళ్ళున్నారు, తపాలాలో ఉన్నారు. ఫ్యాక్సులో ముఖం మాడిపోయిన రొట్టెలా వస్తుంది. ఇంటర్నెట్ కేఫుల్లో కూర్చున్నవాళ్ళలో సగం మన కుర్రాళ్ళే. అందుకని దొక్కి పేటలో ఫ్లాటు తీసుకుంది, కంప్యూటరు కొంది, ఇంటికి నమ్మకమైన ఇంటర్నెట్ ఎవరు ఇస్తారా అని వెతుకుతోంది."

"అయితే నమ్మకం లేనిది ఇప్పిద్దాం" అన్నాడు వగీహ్.

ఆ రోజుల్లో కైరోలో ఇంటర్నెట్ కంపెనీలు వానకి లేచిన పుట్టగొడుగుల్లా ఉండేవి. ఓ గది, నాలుగు మోడెంలు, ఒక ప్రకటన ఉంటే కంపెనీయే. అందరూ మెరుపు వేగం అన్నవాళ్ళే. వాళ్ళలో మహారాజు షాహీన్‌నెట్. పేరుకి తగ్గట్టే ప్రకటన మీద రెక్కలు చాపిన డేగ ఉంటుంది, అది ఎగరగా చూసినవాడు లేడు. డయల్ చేస్తే ఎంగేజ్. దొరికితే టీ చల్లారేలోపు తెగుతుంది. ఫిర్యాదు చేద్దామంటే ఆ నంబరూ ఎంగేజే. శాఖ వాళ్ళు ఎవరి లైను దొంగచాటుగా వినాలన్నా ఆ ఆఫీసులో కూర్చోవడం సులువు, ఎందుకంటే అక్కడ పనిచేసేవాడు ఎవడూ ఉండడు. ఇంకో కంపెనీ ఉంది, ఖమర్‌లింక్. దానికి ప్రకటనలు లేవు. మొదటి రింగుకే ఎత్తుతుంది, ఎత్తింది వదలదు. జిలాన్ దాన్ని ఎంచుకుందా, సబ్రీ పని అయిపోయినట్టే.

జిలాన్ ఎన్నడూ చూడని వగీహ్‌కి శాఖ ఒక మారువేషం ఇచ్చింది: బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే బ్రహ్మచారి, ఆమె ఉండే భవనంలోనే రెండో అంతస్తు. మందపాటి కళ్ళజోడు కూడా ఇచ్చింది, అది పెట్టుకుంటే మెట్లు కనబడవు. ఇంకా ఒక లైటరు ఇచ్చింది. మీట నొక్కితే బ్లేడు బయటికొచ్చి ఫోను తీగని తెంపుతుంది. టెండర్లో అందరికన్నా తక్కువ పాడినవాడు చేసిన సరుకు. రహస్య సంకేతం పాషా స్వయంగా రాశాడు. వగీహ్ బాల్కనీలోంచి "మొలోఖియా కూర దించెయ్" అని కేకేస్తే, కింద ఇస్త్రీ కొట్టులో కాచుకున్న దళం పైకి దూకుతుంది. ఇంతకన్నా తెలివైన సంకేతం తన ఉద్యోగ జీవితంలో పుట్టలేదని పాషా నమ్మకం.

నాలుగు రోజులు తిరక్కుండానే జిలాన్ వగీహ్ తలుపు కొట్టింది. కంప్యూటర్ తెలిసినవాడు ఒక్కడుంటే భవనమంతా అతని తలుపే కొడుతుంది, ఇంజనీరనే పిలుస్తుంది, అది కైరో ధర్మం.

"ఇంజనీరు గారూ, ఏ కంపెనీ మంచిదంటారు?"

"షాహీన్‌నెట్, మదాం. కళ్ళు మూసుకుని తీసుకోండి."

ఆమె నవ్వింది. "నేను దేనికీ కళ్ళు మూసుకోనండి. ఇంకొందరిని అడుగుతాను."

జెనీవాలో నేర్పిన పాఠం అది: ఒక్కడి మాట నమ్మకు, పదిమందిని అడుగు. పాఠం మంచిదే. ఆమె నిజంగా పదిమందినీ అడిగితే మాత్రం బావ గతి అంతే. భవనంలో ముప్పాతిక మందిది ఖమర్‌లింకే.

వగీహ్ ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి మెట్ల మీద మూడో అంతస్తు ముసలావిడ, మక్కా వెళ్ళొచ్చిన హాజ్జా తహియ్య పంజరం పట్టుకుని కూర్చుని ఏడుస్తుంటే చూశాడు.

"ఏమైంది హాజ్జా?"

"నా పిట్ట గొంతు పోయింది నాయనా. మొన్నటిదాకా పాడి పాడి చంపేది."

పిట్ట ఈకలు రాలుస్తోంది. ఈకలు రాల్చేటప్పుడు ఏ పిట్టా పాడదు, వగీహ్‌కి తెలుసు. చెప్పలేదు.

"ఎవరైనా మెచ్చుకున్నారా దాన్ని?" అన్నాడు.

హాజ్జా ఏడుపు ఆపింది. "ఆ పైనావిడ. 'ఎంత బాగా పాడుతోందో' అంది."

"అని, మాషాల్లా అందా?"

దేన్నయినా మెచ్చుకున్నాక మాషాల్లా అని దేవుడి పేరు తలవకపోతే దిష్టి కొడుతుందని దొక్కిలో పసిపిల్లకి కూడా తెలుసు. హాజ్జా వగీహ్ వంక చూసింది, పంజరం వంక చూసింది.

"అనలేదు" అంది నెమ్మదిగా. "నీలికళ్ళు కూడానూ."

"నేనేం అనలేదు హాజ్జా" అన్నాడు వగీహ్, నిజమే చెబుతూ.

నరుడి కంటికి నాపరాళ్ళయినా పగులుతాయన్న సంగతి మధ్యాహ్నం భోజనాలకి ముందే అయిదు అంతస్తులూ పాకింది. సాయంత్రం జిలాన్ చక్కటి చీటీ, బంగారు కలం పట్టుకుని సర్వే మొదలుపెట్టింది. వగీహ్ మెట్ల మలుపులో నిలబడి విన్నాడు. నాలుగో అంతస్తులో ఉస్తాద్ బిషారాది ఖమర్‌లింక్. ఏడాదిగా ఒక్కసారి తెగలేదు. ఆమెని చూడగానే అతను తలుపు చెక్కని గట్టిగా పట్టుకున్నాడు, దిష్టికి చెక్క విరుగుడు.

"ఖమర్‌లింకా? దాని పేరెత్తకండి మదాం. నిమిషం నిలవదు. మా ఆవిడ దాని వల్లే బీపీ మాత్రలు మింగుతోంది."

"మరి ఎందుకు ఉంచుకున్నారు?"

"ఖర్మ, మదాం."

పక్కింట్లో కూడా అంతే. ఆ పక్కావిడ అయితే ఖమర్‌లింక్ తగలెయ్యా అని శాపనార్థాలు పెట్టింది, వెనక గదిలో కొడుకు అదే లైను మీద హాయిగా చాటింగ్ చేసుకుంటున్నాడు. చివరికి మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు మఖ్లూఫ్ దొరికాడు. భార్య వద్దంటే వినకుండా షాహీన్‌నెట్‌కి ఏడాది చందా ముందే కట్టి, ఆ రోజు నుంచి ఇంట్లో మాట పడుతున్నవాడు. పోయేది ఉన్నవాడికి కదా దిష్టి భయం.

"షాహీన్‌నెట్ అంటే సింహం, మదాం" అన్నాడు గట్టిగా, వంటింట్లోకి వినబడేలా. "నాలాంటి చదువుకున్నవాళ్ళు వాడేది అదే."

వంటింట్లో గిన్నె విసిరిన చప్పుడైంది. జిలాన్ దాన్ని పట్టించుకోలేదు. చీటీ మీద లెక్క చూసుకుని, షాహీన్‌నెట్ కింద గీత గీసింది. అంత చదివి, అన్ని దేశాలు తిరిగి, తండ్రి పుట్టిన ఊళ్ళో మనుషులు మంచిదాన్ని తిడతారని నేర్చుకోలేకపోయింది.

అయితే ఆమె మరీ మొద్దు కాదు. ఫొటో పంపడానికి ముహూర్తం పెట్టింది, అహ్లీకి జమాలెక్‌కి ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగే మధ్యాహ్నం. ఊరంతా టీవీల ముందు ఉంటుంది, లైన్లన్నీ ఖాళీ. మోడెం బిగించడానికి వగీహ్‌నే పిలిచింది. పక్కన రోలాన్ అని ఒక బీరువాలాంటి అంగరక్షకుడు.

మోడెం గీపెట్టింది, ఈల వేసింది, మొదటిసారికే కలిసింది. పుట్టాక షాహీన్‌నెట్ ఆ ఘనత సాధించడం అదే మొదలు. వగీహ్‌కి చెమట పట్టింది. పనికిమాలినవాడు పనిచెయ్యడానికి ఈ రోజే దొరికిందా?

ఫొటో బయల్దేరింది. పోయినంత మేర తెర మీద కనబడుతోంది, పైనుంచి కిందికి, పరదా దించినట్టు. జిలాన్‌కి నాణ్యత మీద మోజు, సబ్రీ ఒక్కడినే కత్తిరించి పెద్దది చేసి పెట్టింది. మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి పంపాలి. ముందు టర్బూష్ కుచ్చు వచ్చింది. టర్బూష్ పైభాగం వచ్చింది.

వగీహ్ లైటరు తీశాడు. రోలాన్ చెయ్యి చాచాడు. "ఇటివ్వు." సిగరెట్టు నోట్లో పెట్టుకుని మీట నొక్కాడు, వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. బ్లేడూ రాలేదు. విసుగొచ్చి బాల్కనీలోంచి విసిరేశాడు. ప్రభుత్వం వారి సాంకేతిక విజ్ఞానం అలా వీధిలో పడింది.

ఇక మిగిలింది తీగ మీదకి దూకడం. వగీహ్ లేవబోతే రోలాన్ కోటు పక్కకి జరిగింది, పిస్తోలు కనబడింది. "కూర్చో, మాస్టారూ."

టర్బూష్ అంచు దాటింది. నుదురు వచ్చింది. కనుబొమ్మలు మొదలయ్యాయి, సబ్రీ కనుబొమ్మలు, పెళ్ళిచూపుల్లో అక్క చూసి నవ్విన కనుబొమ్మలు. కళ్ళు వస్తే అయిపోయింది. వగీహ్ అక్క ముఖం తలుచుకున్నాడు, జీవితంలో మొదటిసారి భయం వేసింది.

తలుపు తోసుకుని హాజ్జా తహియ్య వచ్చింది, చేతిలో బస్బూసా పళ్ళెం. పొరుగావిడ మిఠాయి తెస్తే పిస్తోలు తీయడానికి రోలాన్‌కి కూడా చెయ్యి రాలేదు. ఆమె పళ్ళెం పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని తెర ముందు నిలబడింది.

"ఇదేనా అమ్మా ఇంటర్నెట్?"

"అవును హాజ్జా" అంది జిలాన్, కళ్ళు తిప్పకుండా.

"ఎంత బాగా పోతోందో. ఆగకుండా, అడ్డం లేకుండా. నా ఇన్నేళ్ళ వయసులో ఇంత చక్కగా పనిచేసేది ఎక్కడా చూడలేదు తల్లీ."

వగీహ్ మాషాల్లా కోసం చూశాడు. ఆరుపదులు దాటిన ముసలామె, గుడ్డు పగలకుండా ఉడికినా ఆ మాట అనే మనిషి. హాజ్జా పెదవులు బిగించి, జిలాన్ నీలికళ్ళలోకి సూటిగా చూసింది. అనలేదు.

మోడెం టక్కుమంది. తెర నిలిచిపోయింది, కనుబొమ్మల దగ్గర.

"పిట్టకి పిట్ట" అని హాజ్జా పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

జిలాన్ మళ్ళీ డయల్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. మ్యాచ్ అప్పుడే అయిపోయింది, ఓడినవాళ్ళు తిట్టుకోవడానికి, గెలిచినవాళ్ళు ఎగతాళి చెయ్యడానికి ఊరంతా చాటింగ్‌కి ఎగబడింది. ఎంగేజ్. ఆమె ముత్యాల దండ మెలిపెడుతుంటే అది తెగి నేలంతా దొర్లింది. వగీహ్ బాల్కనీలోకి వెళ్ళి "మొలోఖియా కూర దించెయ్" అన్నాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ అరిచాడు. వీధిలో ఎవరో "దించాం, ఉప్పు తక్కువైంది" అన్నారు. మూడోసారికి ఇస్త్రీ కొట్టులో రేడియో ఆగింది. లిఫ్టు పాడు కాబట్టి దళం రొప్పుకుంటూ వచ్చింది, అందరికన్నా వెనక పాషా. అప్పటికి రోలాన్‌ని వగీహ్ మూలనున్న ఇస్త్రీపెట్టెతో కొట్టి పడుకోబెట్టాడు, జిలాన్ ఇంకా డయల్ చేస్తూనే ఉంది.

అవతలివాడి చిరునామా షాహీన్‌నెట్ ఆఫీసులో కూర్చున్న శాఖ వాళ్ళకి దొరికింది. వాణ్ణి పట్టుకున్న పోలీసులు చెప్పారు, ముఠా నాయకులందరూ తెర చుట్టూ చేరి ఒక స్పష్టమైన టర్బూష్‌ని, రెండు కనుబొమ్మలని గంటసేపు చూస్తూ కూర్చున్నారట. వాళ్ళ భుజాల మీదుగా తొంగిచూసినవాళ్ళలో సబ్రీ ఒకడు.

మరుసటి వారం ఇస్మత్ పాషా విజయ సభ పెట్టాడు. పథకమంతా తనదేనని అరగంట చెప్పాడు. దేశానికి చేసిన సేవకి గుర్తింపుగా శాఖలో అన్ని గదులకీ షాహీన్‌నెట్ కనెక్షనే పెట్టిస్తున్నానని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అవునోయ్ వగీహ్, మీ ఇంట్లో ఏది వాడతావు?" అన్నాడు సభ అయ్యాక. "మా ఆవిడ నమ్మకమైనది కావాలని ప్రాణం తీస్తోంది."

దిష్టీ గిష్టీ ముసలమ్మల కబుర్లని మిషన్ రిపోర్టులో రాసింది వగీహే. అతని ఇంట్లో ఉన్నది ఖమర్‌లింక్. రెండేళ్ళయింది, ఒక్కసారి తెగలేదు.

"మాదా, పాషా?" అన్నాడు, బల్ల కింద చెక్కని గట్టిగా పట్టుకుని. "పరమ దరిద్రం. అడక్కండి."