ఊపిరి షెడ్డు

శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోయేటప్పుడు హైవే దిగి లోపలి రోడ్డు పట్టుకుంటే, ఎడమ చేతి పక్క మూతపడ్డ కోళ్ల ఫారం ఒకటి కనిపిస్తుంది. పొడుగాటి రేకుల షెడ్డు, చుట్టూ కంపచెట్లు. ఆ చుట్టుపక్కల దాన్ని ఊపిరి షెడ్డు అంటారు. చీకటి పడ్డాక ఆ దారిన ఒంటరిగా రావద్దని పిల్లలకు కాదు, మీసాలొచ్చిన మగవాళ్లకే చెప్తారు.

ఎందుకంటే... అది ఊపిరి తీస్తుందట.

కోళ్లకు రోగం తగిలిన ఏడాది, చచ్చినవాటితో పాటు కొనప్రాణంతో ఉన్నవాటిని కూడా గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చేశారని చెప్పుకుంటారు. యజమాని ఊరొదిలి పోయాడు. ఆ కోళ్ల ఉసురే రేకుల కింద ఉండిపోయిందని జనం మాట. గాలి స్తంభించిన రాత్రి చెవి పెడితే — హ్... హ్... హ్... ఒకరిది కాదు, ఒక గుంపు ఊపిరి. ఏడుపు లేదు, మాట లేదు.

కోళ్లు కూడా దెయ్యాలవుతాయా అని మీకు నవ్వు రావచ్చు. నేనూ నవ్వాను. ఎలీషా మొత్తం చెప్పాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఎలీషా నంద్యాలలో ఒక విత్తనాల మిల్లులో పనిచేస్తాడు. కాపురం ఆళ్లగడ్డలో. రోజూ బండి మీదే రాకపోకలు. ఆ బండికి సైలెన్సరు చిల్లుపడి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు. వీధి మలుపులో దాని చప్పుడు వినపడగానే ఇంట్లో అతని భార్య అనిత కంచం కడుగుతుంది.

మొన్న వానాకాలంలో హైవే మీద పనులు మొదలయ్యాయి. బండ్లన్నీ లోపలి రోడ్డుకు మళ్లించారు. షెడ్డు ముందు రోడ్డు వాలుగా ఉంటుంది. వాలు కనిపిస్తే పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి జారడం మనవాళ్లకు అలవాటే కదా! ఎలీషా కూడా ఆపాడు. సరిగ్గా షెడ్డు ముందుకొచ్చేసరికి చుట్టూ చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

అప్పుడు వినపడింది... హ్... హ్... హ్...

సరే, అందరూ చెప్పేదే కదా అనుకున్నాడు. ఇంతలో — ధడ్!

లోపల నుంచి ఎవరో రేకును కొట్టారు. బండి జారుతోంది. ఆ దెబ్బ కూడా బండితో పాటే కదిలింది. ధడ్... ధడ్... ధడ్... షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా, గోడకు అవతల ఏదో అతనితో సమానంగా పరుగెత్తుతున్నట్టు. షెడ్డు అయిపోయిన చోట అది ఆగిపోయింది. ఎలీషా కిక్కు కొట్టబోతే కాలు మూడుసార్లు జారిందట.

మరుసటి రోజు మిల్లులో ఓబులేసుకు చెప్పాడు. ఓబులేసు కూడా ఆ దారినే వస్తాడు.

"ఊపిరి నేనూ విన్న్యా," అన్నాడు ఓబులేసు గొంతు తగ్గించి. "రేకు కొట్టేది మాత్రం ఎప్పుడూ వినలేదప్పా. నీకే ఎందుకు కొడ్తాది?"

ఆ మాటతో ఎలీషాకు అన్నం దిగలేదు. ఎందుకంటే ఆ రాత్రీ కొట్టింది. మరుసటి రాత్రీ కొట్టింది. ఇతని కంటే ముందో వెనకో బండ్ల మీద వచ్చినవాళ్లకు ఉత్త ఊపిరే. ఇతని బండి జారితే చాలు — ధడ్... ధడ్...

అది తనను గుర్తుపట్టింది!

పాస్టర్ ఫిలిప్ గారు తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. "ఆడ నిలబడొద్దు. ఆ పక్కకు చూడనే వద్దు. కీర్తన చదువుకుంటా వచ్చేయ్," అన్నారు. ఎలీషా అలాగే చేశాడు. పనిలో పనిగా ఓబులేసు ఇచ్చిన నిమ్మకాయను సీటు కింద దాచుకున్నాడు, పాస్టరు గారికి కనపడకుండా. భయం వేసినప్పుడు మనిషి ఏ దేవుణ్ణీ చిన్నబుచ్చడు.

ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది అప్పటికే. అది టీనా గొడవ.

టీనా నల్లటి ల్యాబ్రడార్ కుక్క. మిల్లు యజమాని ఇంట్లో పిల్లలు ముచ్చటపడి తెచ్చుకుని, ముచ్చట తీరాక వద్దంటే ఎలీషా తెచ్చుకున్నాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో అది అనితకు కూతురైంది. ఆళ్లగడ్డలో ఇల్లు మారినప్పుడు కొత్త ఇంటాయన కుక్కను తేవద్దన్నాడు. అప్పుడు ఎవరో శ్యాంసుందర్ అనే ఆయన నంబరు ఇచ్చారు. దిక్కులేని కుక్కలకు ఆశ్రమం నడుపుతాడట. వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బిస్కెట్ల పొట్లం. "మా తోటలో ఫ్రీగా తిరుగుతాదమ్మా. ఇది ఆడదే కదా?" అని అడిగాడు. ఆడదే అన్నారు. సంతోషంగా ఎక్కించుకుపోయాడు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఆ రోజు మొగుడూపెళ్లాలిద్దరికీ తట్టలేదు.

అనిత ఏడ్చి ఏడ్చి చివరికి కుక్కను ఒప్పుకునే ఇల్లు ఒకటి వెతికింది. ఎలీషా వెంటపడి అందులోకి మార్పించింది. "ఇంక నా టీనాను తెచ్చియ్యి," అని కూర్చుంది. శ్యాంసుందర్‌కు ఫోన్ చేస్తే ఒకటే జవాబు — "అది ఈడ అలవాటుపడిందప్పా, ఇప్పుడు కదిలిస్తే బెంగపడ్తాది." తోట చూస్తామంటే ఊళ్లో లేనంటాడు. ఫొటో పెట్టమంటే పెడతాడు. ప్రతిసారీ అదే ఫొటో... అదే గడ్డి, అదే ఎండ.

భర్త చిక్కిపోవడం చూసి ఒక రాత్రి అనిత గట్టిగా నిలదీసింది. షెడ్డు సంగతి మొత్తం కక్కాడు.

అనిత నోరు నొక్కుకుని వింది. అంతా విని అడిగింది.

"చచ్చినోళ్లకు ఆయాసం ఏందప్పా?"

"ఏమో... నాకేం తెల్సు."

"రేపు నేనూ వస్తా."

వద్దన్నా వినలేదు. మరుసటి సాయంత్రం నంద్యాలకు బస్సెక్కి వచ్చింది. మిల్లు వదిలాక బండి వెనక కూర్చుంది. లోపలి రోడ్డు ఎక్కేసరికి బాగా చీకటి పడింది. వాలు వచ్చింది. ఎలీషా ఇంజను ఆపాడు. పెదాలు కీర్తన చదువుతున్నాయి, చూపు ముందు చక్రం మీద ఉంది.

హ్... హ్... హ్...

ధడ్!

"ఆపు," అంది అనిత.

"వద్దే..."

"ఆపప్పా!"

అతను ఆపకముందే దూకేసింది. పడబోయి నిలదొక్కుకుని, సెల్లు లైటు వేసుకుని కంపలోకి నడిచింది. ఎలీషాకు వెనక పోక తప్పలేదు. పెళ్లాన్ని దెయ్యానికి వదిలేసి పోయేంత పిరికివాడు కాదు కదా.

నాలుగడుగులు వేశారో లేదో కంపు కొట్టింది. కోళ్ల కంపు కాదు. ఉచ్చ, పెంట, కుళ్లిన అన్నం, చీము — అన్నీ కలిసి ఎండకు ఉడికిన కంపు. కళ్లు మండాయి. అనిత పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని రేకుల మధ్య సందులోంచి లైటు వేసింది.

ముందు కళ్లు కనిపించాయి. పచ్చగా... జతలు జతలుగా... పైనా కిందా.

తర్వాత నోళ్లు.

కోళ్లను పెట్టే తీగ బోనుల్లో కుక్కలు. జాతి కుక్కలన్నీ. పొట్టివి, బొచ్చువి, ఎత్తువి. అన్నీ ఆడవే. నిలబడితే వీపు తగిలే బోనులు. తీగల మీదే నిలబడి నిలబడి పాదాలు పుండ్లయ్యాయి. పిల్లల్ని కని కని రొమ్ములు నేలకు వేలాడుతున్నాయి. ఒకదాని పక్కన ఎప్పుడో చచ్చిపోయిన పిల్ల ఉంది, దాన్ని కూడా ఎవరూ తీయలేదు.

లైటు పడగానే అన్నీ ఒక్కసారి మొరిగాయి. మెడలు సాచి, నోళ్లు బార్లా తెరిచి, ఒళ్లంతా ఊపుకుంటూ మొరిగాయి. కానీ శబ్దం లేదు! హ్... హ్... హ్... గాలి మాత్రమే వస్తోంది.

ఎవడో వాటికి గొంతు లేకుండా చేశాడు. నోట్లోంచి ఇనుప ఊచ దించి లోపలి స్వరతంతులు చిదిపేశాడు. అరిస్తే ఊళ్లో వినపడుతుందని.

ఎలీషా అక్కడే వంగి కక్కుకున్నాడు. ఆ వంగినవాడి చెవి పక్కనే రేకు అదిరింది — ధడ్! బోను పగలగొట్టుకుని బయటపడిన కుక్క ఒకటి గోడ వెంట తిరుగుతోంది. బక్కగా, నల్లగా, మెడకు తెగిన తాడుతో. సందులో ముక్కు పెట్టింది. నాలుక బయటికి చాచింది.

"టీనా..." అంది అనిత.

అది నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. రోజూ చేసినట్టే చేసింది.

అన్ని రాత్రులూ వాలు దాకా వచ్చే ఆ చిల్లు సైలెన్సరు చప్పుడు విని, మా నాయన వచ్చాడని రేకుకు తల కొట్టుకుంటూ పరుగెత్తింది అది. వీడు కీర్తన చదువుకుంటూ, సీటు కింద నిమ్మకాయ పెట్టుకుని, దాని ముందు నుంచే పారిపోయాడు. ఇది నా దగ్గర చెప్పేటప్పుడు ఎలీషా తల ఎత్తలేదు.

నంద్యాలలో శివమ్మ అనే ఆవిడ ఉంది. జనం వదిలేసిన కుక్కలను తన దొడ్లో పెట్టుకుని సాకుతుంది. నిజమైన ఆశ్రమం ఏదైనా ఉంటే అదీ. ఆవిడ ఆటోలు మాట్లాడుకుని ఆ రాత్రే వచ్చింది. పోలీసులూ వచ్చారు. ఆడ కుక్కలతో పిల్లల్ని పెట్టించి అమ్ముకునే శ్యాంసుందర్‌ను తెల్లవారేసరికి పట్టుకొచ్చారు. అప్పుడూ చొక్కా తెల్లగానే ఉందట.

"దెయ్యమని నేనేమన్నా చెప్పిన్యానా? ఊరోళ్లే అనుకున్యారు," అన్నాడు ఆ పెద్దమనిషి నింపాదిగా. "నాకు కావలోడి జీతం మిగిలింది, అంతే."

అనిత వాడి మొహం మీద ఉమ్మేసింది. నాకు తెలిసి ఈ కథ మొత్తంలో జరిగిన శుభ్రమైన పని అదొక్కటే. వాడు రెండో రోజే బెయిలు మీద బయటికొచ్చాడు.

టీనా ఇల్లు చేరింది. మిగతావాటి సంగతేంటి? శివమ్మ దొడ్లో అడుగు పెట్టే చోటు లేదు. ఒక్కొక్కటినైనా ఎవరైనా తీసుకోకపోతే వానకు, పుండ్లకు అవి బతకవని వాటిని చూసిన పశువుల డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అందుకని ఎలీషా వాటి ఫొటోలు తీసి, జరిగిందంతా రాసి, తన నంబరు వేసి ఫోన్లో అందరికీ పంపాడు. మా కంట నీళ్లొచ్చాయని వందల మంది జవాబులు పెట్టారు. ఫోన్లు మోగడం మొదలైంది.

"పిల్లలుంటే చెప్పన్నా, ముసలివి వద్దు."

"కాగితాలుండాయా దానికి? జాతిదే అని గ్యారంటీ ఏంది?"

"ఇంకా ఈనుతాదా అది?"

ఛీ! ఏడ్చిన కళ్లు ఆరకముందే బేరాలు. అయినా ఎలీషా ప్రతి ఫోనూ ఎత్తాడు. ఒక్కరైనా మంచి మనిషి దొరక్కపోతారా అని ఆశ.

ఒక సాయంత్రం దొరికాడనే అనుకున్నాడు. అవతల గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది.

"ఎలీషా గారేనా? మీరు రాసింది చదివి రాత్రంతా నిద్ర పట్టలేదండీ. ఎంత క్రూరులుంటారో కదా లోకంలో..."

"అవును సార్. మీరు ఒకదాన్ని తీసుకుంటారా?"

"లేదులెండి, మాకు ఉంది ఒకటి. దాని గురించే..." ఆ గొంతు ఇంకా తగ్గింది. "పాపకు పరీక్షలండీ. రాత్రుళ్లు ఒకటే అరుపు. వాటిని అరవకుండా చేసిన ఆయన నంబరేమన్నా ఉంటే... చిన్నపనే కదా, ప్రాణానికేం కాదు కదా?"

ఎలీషా తెలివిగా ఒక్క ప్రశ్న అడిగాడు. "మీది యాడ సార్?"

ఆ పెద్దమనిషి నంద్యాలలో ఒక వీధి పేరు చెప్పాడు. నంబరు లేదని ఎలీషా కట్ చేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అవతల ఎత్తలేదు.

అది మా వీధి.

ఎలీషా నాకు పరిచయమైంది అలాగే. మొన్న బుధవారం మిల్లు వదిలాక మా వీధి మొదట్లో బండి ఆపి, నన్నే అడిగాడు. "అన్నా, రాత్రంతా అరిచే కుక్క ఎవురింట్లో ఉంది?" ఎందుకని అడిగితే, అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పాడు. వింటున్నంతసేపూ నాకు ఆ ఇల్లు తెలుసు. చివరి మేడ. బొచ్చు కుక్క. నిద్ర పట్టక నేను కూడా దాన్ని తిట్టుకోని రాత్రి లేదు.

అప్పుడు తట్టింది. ఈ మధ్య నేను హాయిగా నిద్రపోతున్నాను.

ఎప్పటి నుంచి? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. నిద్ర పట్టనిది గుర్తుంటుంది గానీ, పట్టింది ఎవడికి గుర్తుంటుంది!

ఇద్దరం లేచి చివరి మేడ దాకా నడిచాం. లోపల దీపాలు వెలుగుతున్నాయి. పాప పాఠం గట్టిగా చదువుతోంది. ఎలీషా గేటు గొళ్లెం పట్టుకుని టకటకా కొట్టాడు.

గేటు కొడితే కుక్క అరవాలి కదా...

లోపల గోళ్ల చప్పుడు పరుగున వచ్చింది. గేటు కింది సందులో తెల్లటి కాళ్లు రెండు వచ్చి నిలబడ్డాయి. ఎగిరాయి. మళ్లీ ఎగిరాయి. హ్... హ్... పాప చదువు ఆగకుండా వినపడుతూనే ఉంది.