బరువుచెయ్యి

తలుపు పక్క గోడకున్న పలక మీద నూకరత్నం అరచెయ్యి ఆనించింది. "హస్తవాసి ఉత్తమం" అని ఓ సన్నని గొంతు చెప్పాక గానీ కామేశ్వరి ఇంటి తలుపు తెరుచుకోలేదు. ఆ ఇంటి కూతురికి పురిట్లో నీళ్ళు పోసింది ఈ చేతులే. ఇప్పుడా కూతురి కొడుక్కి పోస్తున్నదీ ఈ చేతులే. అయినా రోజూ వచ్చే మనిషిని రోజూ పరీక్ష చెయ్యడమే ఆ తలుపు ఉద్యోగం. తలుపుకి మొహమాటాలేం ఉంటాయి?

"రా నూకరత్నం. వీడు పొద్దుటి నుంచీ నీకోసమే రాగాలు తీత్తన్నాడు," అంది కామేశ్వరి.

నూకరత్నం పెరట్లో పీట వాల్చుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు చాపి వాటి మీద పిల్లాణ్ణి పడుకోబెట్టింది. ఒళ్ళంతా నూనె పట్టించింది. సున్నిపిండితో నలుగు పెట్టింది. రెండు అరచేతుల మధ్యా తలను పట్టుకుని, బొటనవేళ్ళతో మెల్లిగా, మళ్ళీ మళ్ళీ ఒత్తింది. మండపేటలో పిల్లల్ని కడిగే తొట్లు వచ్చి చాలాకాలమైంది. అవి కడుగుతాయి, తుడుస్తాయి, జోల కూడా పాడతాయి. కానీ తల గుండ్రంగా తిరగాలన్నా, ముక్కు నిలబడాలన్నా మనిషి చెయ్యి పడాల్సిందేనని జనం నమ్మకం. ఆ నమ్మకమే నూకరత్నానికి అన్నం పెడుతోంది.

"వేణికి నెలలు నిండినట్టేనా?" అనడిగింది కామేశ్వరి.

"నిండినట్టేనండి. ఊళ్ళో పిల్లలందరికీ పోశాను. నా కూతురి బిడ్డకి నీళ్ళు పోసేదాకా ఈ చేతులు చల్లగా ఉంటే చాలు. ఆ తరవాత దేవుడు ఏం పట్టుకుపోయినా అడగను," అంది నూకరత్నం.

హస్తవాసి అనేది ఒకప్పుడు జనం నోట్లో మాట. ఫలానా డాక్టరుది మంచి హస్తవాసి అనేవారు, అంతే. ఇప్పుడది సర్కారు వేసే లెక్క. దానికి మూలం ఎక్కడుందయ్యా అంటే, వంగిపోయిన పలకల దగ్గర. బడికి పలక, బ్యాంకుకి పలక, మందులకి పలక అన్నట్టు మనిషి బతుకంతా పలకల్లోకి పోయాక, కంపెనీలు వాటిని అప్పడాల్లా పలచన చేసుకుంటూ పోయాయి. పెట్టె విప్పేసరికి పలక వంకర. "వచ్చిందే ఇలా వచ్చింది" అని కొన్నవాడు, "నువ్వే కూర్చుని ఉంటావు దాని మీద" అని అమ్మినవాడు. ఈ తగువులు తీర్చలేక కోర్టులు చేతులెత్తేస్తే, వాపసు పంచాయతీలు పెట్టారు. అవీ మునిగిపోతున్న సమయంలో ఎవరో మహానుభావుడు స్పర్శసాక్షి అనే పొరను కనిపెట్టాడు. పలకకు చర్మంలా అంటుకుని ఉండే ఆ పొర, తనను ఏ చెయ్యి, ఎక్కడ, ఎంత బలంతో ఒత్తిందో గుర్తు పెట్టుకుంటుంది. వేలిముద్రలతో దానికి పనిలేదు, ఒత్తే తీరే దానికి ముద్ర. ఏ ఇద్దరు మనుషులూ ఒక్కలా ఒత్తరని ఆ మహానుభావుడి ధీమా.

పలకల కోసం పుట్టిన పొర పలకల దగ్గర ఆగుతుందా? తలుపులకెక్కింది, బస్సు సీట్లకెక్కింది, ఆసుపత్రి ఉయ్యాలలకీ ఎక్కింది. ఏ చెయ్యి వస్తువును పాడుచేసిందో ఆ చేతికి 'బరువుచెయ్యి' అని ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఏడాదిపాటు చెరగదు, అందాకా ఆ చేతిని ఏ పొరా దగ్గరికి రానివ్వదు. జనం ఇంకొకరి వస్తువు ముట్టుకోవడం మానేశారు. పక్కింటివాళ్ళకి వచ్చిన పెట్టె వానలో నానుతున్నా లోపల పెట్టే దిక్కుండదు.

నూకరత్నం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పెట్టె ఉంది. ఆసుపత్రివాళ్ళు ప్రతి గర్భిణికీ కొనుక్కోమనే పురిటిపలక అది. వేణి నడుం పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. వేణి మొగుడు సముద్రం మధ్య గాలిమరల పనిలో ఉన్నాడు. కాన్పుకి కూడా సెలవివ్వలేదు మహారాజులు. ఇంట్లో ఉన్నది ఈ తల్లీ కూతుళ్ళే.

"అమ్మా, ముందు పెట్టె ఫొటో తియ్యాలే. తరవాత విప్పాలి," అంది వేణి.

"తీత్తానులే. పెళ్ళికూతురా అది, ఫొటోలు తియ్యడానికి," అంటూనే నూకరత్నం పెట్టె చింపేసింది.

పలక నడిమధ్యన వంగి ఉంది. ఎక్కువేం కాదు. బల్ల మీద పెడితే కిందనుంచి వేలు దూరేటంత. నూకరత్నానికి ఒళ్ళు మండింది. "పాపిష్టోళ్ళు, చూడు ఎలా పంపారో," అని తిడుతూ కూర్చుని, పలకని ఒళ్ళో పెట్టుకుంది. జీవితమంతా చేసిన పని చేతులకి ఒకరు చెప్పాలా? రెండు అరచేతులూ రెండు అంచుల మీదికి పోయాయి, బొటనవేళ్ళు వంపు మీద వాలాయి. పసిపిల్ల తల సరిచేసినట్టే, మెల్లిగా, మళ్ళీ మళ్ళీ ఒత్తింది.

"అమ్మా! వద్దే!" అని వేణి అరిచేలోపలే పలకలోంచి టిక్కుమని చప్పుడొచ్చింది. ఆ వెంటనే గొంతు వినిపించింది. "స్పర్శసాక్షి మేలుకొన్నది. వంపు గుర్తించబడినది. ఇంటివారి చెయ్యి నమోదైనది."

"వంకర తీశానే. ఏం, కొరుక్కు తిన్నానా?" అంది నూకరత్నం. కానీ గొంతులో బింకం అప్పటికే సగం తగ్గింది.

అసలు కిటుకు అక్కడే ఉంది. దారిలో పొర మేలుకుని ఉంటే దాని శక్తి అయిపోతుందని, పెట్టె విప్పేదాకా కంపెనీవాళ్ళు దాన్ని నిద్రపుచ్చి పంపుతారు. లారీలో పడ్డ దెబ్బ దానికి తెలియదు. గోదాములో పైన పడ్డ బరువు దానికి తెలియదు. కళ్ళు తెరవగానే కనబడ్డ మొదటి చెయ్యే దానికి దొంగ చెయ్యి. ఇది అందరికీ తెలుసు. అందుకే జనం వంగిన పలకని పుల్లతో తోస్తారు గానీ ముట్టుకోరు. నూకరత్నానికీ తెలుసు. తెలిసి ఏం లాభం, చేతులకి తెలియదు కదా.

వేణి వాపసు అడిగింది గానీ, చెల్లదని సాయంత్రానికల్లా కబురొచ్చింది. విచారణకి రమ్మని కూడా వచ్చింది.

మర్నాడు కామేశ్వరి ఇంటి తలుపు తెరుచుకోలేదు. "హస్తవాసి విచారణలో ఉన్నది" అని మాత్రం చెప్పింది. లోపల పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కామేశ్వరి కిటికీ దగ్గరికొచ్చింది.

"నీమీద అనుమానం కాదు నూకరత్నం, నీకు తెల్దా ఏంటి. తేలిపోయాక రా. అందాకా తొట్టిలో కానిచ్చేత్తాం," అంది.

"వాడికి కుడిచెవి వెనకాల నూనె దిగట్లేదండి, కాస్త చూసుకోండి," అని చెప్పి నూకరత్నం వెనక్కి తిరిగింది. దారి పొడుగునా ఆమె ఏడ్చింది. పోయిన పని గురించి కాదు ఆ ఏడుపు. ముద్ర పడితే రేపు ఆసుపత్రిలో తన మనవరాలినో మనవణ్ణో ఎత్తుకోనివ్వరు. పిల్లకి ఏడాది నిండాక నలుగేంటి, నీళ్ళేంటి?

తల్లి ముఖం చూడగానే వేణికి సంగతి అర్థమైంది. ఆ పూట నూకరత్నం అన్నం ముట్టకపోతే తనే కలిపి ముద్దలు పెట్టింది. "నువ్వు బెంగెట్టుకోకే. నీ చేతులికి ఏమవ్వదు," అంది. సముదాయించడానికి అన్న మాట అనుకుంది నూకరత్నం.

వాపసు పంచాయతీ ఆఫీసులో బల్ల వెనక పేర్రాజు అనే పెద్దాయన కూర్చున్నాడు. పేరుకి ఆయన మధ్యవర్తి. తీర్పు చెప్పేది మాత్రం ఆయన పక్కనున్న యంత్రం, దాన్ని నిర్ణేత అంటారు. అది చెప్పింది చదివి వినిపించడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, ఏడ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడం ఆయన పని.

"పెట్టె విప్పినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?" అనడిగాడు.

"మేవిద్దరవేనండి," అంది నూకరత్నం.

"అయితే ఇద్దర్లో ఒకరు. తలుపులకి ఆనించే ముద్ర దీనికి చాలదు. ఇదిగో, ఈ ఒత్తుడుపలక మీద ఆ రోజు ఒత్తినట్టే ఒత్తాలి. పోలితే పోలినట్టు. ముందు ఎవరొస్తారు?"

నూకరత్నం లేవబోయింది. వేణి ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తాను బల్ల పట్టుకుని లేచింది.

"మా అమ్మ కాదండి. నేనే ఒత్తాను. ఆవిడకేం తెల్దు," అంది.

నూకరత్నం నోరు తెరిచింది. వేణి ఒత్తుడుపలక ముందు కూర్చుని రెండు అరచేతులూ అంచులకి ఆనించింది. చిన్నప్పుడు తల్లి పక్కనే పీట వేసుకుని, పిండిముద్దని పసిపిల్ల తలలా పట్టుకుని ఈ విద్య నేర్చుకున్న పిల్ల అది. ఎక్కువ ఒత్తితే నూకరత్నం దాని వేళ్ళ మీద కొట్టేది, తక్కువ ఒత్తితే తన వేళ్ళు వాటి మీద పెట్టి చూపించేది. ఇప్పుడు అవే బొటనవేళ్ళు, మెల్లిగా, మళ్ళీ మళ్ళీ ఒత్తాయి. చూస్తున్న నూకరత్నానికి తన చేతులు తన ఒళ్ళో ఉన్నాయో ఆ బల్ల మీద ఉన్నాయో తెలియలేదు.

"పోలినది," అంది నిర్ణేత. "విచారణ ముగిసినది."

ఒక్క చెయ్యి పోలాక రెండోదాన్ని చూసే అలవాటు దానికి లేదు. రెండు చేతులు ఒక్కలా ఉండవు కదా, ఎందుకు చూస్తుంది?

అప్పుడైనా నూకరత్నం చెప్పాల్సింది. "అది అబద్ధం ఆడతంది, నేనండి" అని ఒక్క మాట. ఆ మాట నాలిక చివరికి వచ్చింది. ఈలోగా ఆమె హస్తవాసి మళ్ళీ ఉత్తమమైందని పేర్రాజు చదివాడు. కాళ్ళ మీద పసిబిడ్డ బరువు, వేడినీళ్ళ ఆవిరి, సాంబ్రాణి పొగ, అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు కదిలాయి. నూకరత్నం నోరు మూసుకుంది. ఆశ పాపిష్టిది.

"నీకెందుకే ఈ పని?" అని బయటికొచ్చాక కూతుర్ని కోప్పడింది.

"నేనేం ఊళ్ళో పిల్లలకి నీళ్ళు పొయ్యాలా? ఏడాదిపాటు పలకలు కొనుక్కోను, అంతేగా. నా బిడ్డకి నువ్వే పొయ్యాలి," అంది వేణి నవ్వుతూ. తల్లికి కూడా ముద్ర వర్తిస్తుందన్న ఊహే ఆ పిల్లకి రాలేదు. నిజం చెప్పాలంటే నియమాలు రాసినవాళ్ళకీ రాలేదు. రాకపోబట్టే తల్లిని మినహాయించాలని ఎక్కడా రాయలేదు.

ఆడపిల్ల పుట్టింది. నర్సు బొడ్డు కోసి, తుడిచి, కాలికి సాక్షికడియం తొడిగి ఉయ్యాలలో పడుకోబెట్టింది. పిల్ల ఒంటి మీద ఏ చెయ్యి పడ్డా ఆ కడియానికి తెలుస్తుంది. వేణి నీరసంగా నవ్వుతూ చెయ్యి చాపి ఉయ్యాలని ముట్టుకుంది. ఉయ్యాల అంచులు చప్పున మూసుకున్నాయి.

"బరువుచెయ్యి. ఎత్తరాదు."

"దాని తల్లండి ఆవిడ!" అంది నర్సు, ఎవరితో అంటోందో తెలియనట్టు. మీటలు నొక్కింది, పెద్ద డాక్టరుని పిలిచింది. పెద్ద డాక్టరు తల గోక్కుని, ఏడాది ఆగాలన్నాడు. కడియం తీస్తే శిశు రక్షణ కేంద్రం వాళ్ళు వచ్చి పిల్లని పట్టుకుపోతారన్నాడు. కాదని వేణి ముట్టుకున్నా అంతే.

నూకరత్నం చెప్పులు కూడా వేసుకోకుండా వాపసు పంచాయతీకి పరిగెత్తింది. వరండాలో కుర్చీలో కూర్చున్న పేర్రాజు ముందు రెండు చేతులూ చాపింది.

"నేనండి. ఈ చేతులేనండి. దానికేం తెల్దండి, నన్ను కాయడానికి అబద్ధం ఆడింది. దాని ముద్ర తీసి నాకు వేసెయ్యండి."

పేర్రాజు లేచి తలుపు మూశాడు. నిర్ణేతకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"నా మాట విను తల్లీ. ఆ మాట మళ్ళీ అనకు. పోలిక తేలాక మాట మారిస్తే దొంగసాక్ష్యం కింద ఇద్దరి చేతులికీ ముద్ర పడద్ది. మీ ఇంట్లో ఇంకెవరున్నారు? పిల్లని ఎత్తుకోడానికి ఒక్క చెయ్యి కూడా లేదంటే, కేంద్రంవాళ్ళు బండి పంపుతారు. ఉన్న రెండు చేతులూ పోగొట్టుకుంటావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే నూకరత్నం వచ్చేసింది.

ఇంటికి తీసుకొచ్చాక పిల్లకి నీళ్ళు పోసింది నూకరత్నమే. కాళ్ళు చాపుకుని, నలుగు పెట్టి, ఆమె ఇన్నాళ్ళూ కోరుకున్నట్టే పోసింది. పిల్ల జుట్టు ఒత్తుగా ఉంది. ఎదురుగా వేణి చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని కూర్చుని చూస్తోంది. "ముక్కు నీదేనా అమ్మా? మెత్తగా ఉందా? ఎలా ఉందో చెప్పవే," అని అడుగుతోంది. నూకరత్నం తలొంచుకుని ఇంకో చెంబు నీళ్ళు పోసింది. ఊళ్ళో ఎంతమందికో పోసిన ఆ చేతులకి మొదటిసారి ఆ పని మీద అసహ్యం వేసింది.

పిల్ల ఆకలికి ఏడ్చింది. కడియం ఎంచేది చేతులనే, రొమ్ముని కాదు. అంతవరకూ దయ ఉంది దానికి. వేణి గోడకి ఆనుకుని కూర్చుంది. నూకరత్నం పిల్లని ఎత్తి, తల పట్టుకుని, రొమ్ముకి అందించింది. పిల్ల నోటికి పట్టు దొరకలేదు. జారిపోయింది. మళ్ళీ ఏడ్చింది. వేణి కుడిచెయ్యి దానంతటదే లేచింది, పిల్ల బుగ్గ దాకా వచ్చింది. నూకరత్నం కెవ్వుమంది. వేణి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది.

పిల్ల ఇంకా ఏడుస్తోంది.

"నాకు తెలీకుండానే వెళ్ళిపోతందమ్మా చెయ్యి," అంది వేణి. "ఏదో ఒకనాడు ముట్టేసుకుంటాను. పిల్లని పట్టుకుపోతారు."

వేణి ముందుకి వంగి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. మంచం మీదున్న పాత చీరముక్క వైపు గడ్డంతో చూపించింది.

"కట్టెయ్యి."

నూకరత్నం పిల్లని పక్కన పడుకోబెట్టి, చీరముక్క తీసుకుని, కూతురి మణికట్లు చేర్చి కట్టింది. ముడి వదులుగా పడింది.

"గట్టిగా ఒత్తి కట్టవే," అంది వేణి, "పాలు కారిపోతన్నాయి."