వెనకాలే వస్తున్న మనిషి

ఆగితే ఆగుతున్నాడు. నడిస్తే నడుస్తున్నాడు. ఇంకా అనుమానం దేనికి? వీడు గూఢచారే!

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆ అమ్మాయి వాకింగ్ క్లబ్బులో చేరాక ఇదే మొదటి నడక. రైల్వే స్టేషన్ దగ్గర బయలుదేరి, కాలువ గట్టు మీదుగా, పొలాలు చుట్టి మళ్ళీ అదే స్టేషన్‌కి చేరాలి. ఆమె ఎక్కిన ట్రైన్ లేటయింది. క్లబ్బు లీడర్ చెప్పాల్సినవన్నీ చెప్పేశాక పరుగున వచ్చి కలిసింది. తక్కినవాళ్ళు కబుర్లాడుకుంటూ ముందుకెళ్ళిపోయారు. ఈమె వెనకబడింది. ఈమె వెనకాల ఆ నీలం టోపీవాడు.

నిన్ననే అక్క ఫోన్ చేసింది. "అబ్బాయివాళ్ళు నీ గురించి వాకబు చేయిస్తారట. కాస్త బుద్ధిగా ఉండు. రేపు సాయంత్రానికి నువ్వు ఊ అంటే ఖాయం చేసేస్తాం."

ఆ అబ్బాయికి పెళ్ళయ్యాక పెళ్ళాం ఉద్యోగం చెయ్యకూడదట. ఈమెకేమో షాపంటే ప్రాణం. కానీ అమ్మలా పెంచిన అక్కకి వద్దని ఎలా చెప్పాలి? అటువాళ్ళే వద్దంటే పీడా పోను!

బూటు లేసు కట్టుకునే మిషతో వంగి ఓరగా చూసింది. అతను మబ్బుల్ని చూస్తున్నాడు. అబ్బ, ఏం నటన!

ఆమె గిరుక్కున తిరిగింది. "ఎవరు పంపారు మిమ్మల్ని?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను బ్యాగు సర్దుకున్నాడు. "ఎవరూ పంపలేదండీ. మీ వెనక రావడం నా డ్యూటీ."

డ్యూటీయట! దొరికాడు.

"అయితే బాగా వినండి. నాకు వంట రాదు. గుడ్డు ఉడకబెడితే గిన్నె మాడుతుంది."

"నీళ్ళు ఎక్కువ పొయ్యాలండీ."

"కోపం ముక్కు మీదే ఉంటుంది."

"కనిపిస్తోందండీ."

"గురక పెడతాను. పక్కింటివాళ్ళు తలుపు కొడతారు!"

ఆమెకి ఎండదెబ్బ తగిలిందేమోనని అతనికి భయం వేసింది. మంచినీళ్ళ సీసా అందించాడు. ఆమె వాసన చూసింది. "ముందు మీరు తాగండి." అతను తాగాడు. పడిపోలేదు. అప్పుడు ఆమె తాగింది.

పొలాల మధ్యకి వచ్చేసరికి వాన దంచికొట్టింది. అతను గొడుగు ఆమెకిచ్చేసి మళ్ళీ వెనక్కే వెళ్ళి నిలబడ్డాడు.

"తడుస్తున్నారు. పక్కకి రండి."

"మిమ్మల్ని దాటకూడదండీ."

"పక్కకి రమ్మన్నాను, దాటమన్నానా?"

గొడుగు చిన్నది. వాళ్ళు నడుస్తూనే ఉన్నారు, ఆమె తన బద్ధకం గురించి, మొండితనం గురించి చెబుతూనే ఉంది. అతను నవ్వుతున్నాడు. గూఢచారికి ఇంత మంచి నవ్వెందుకు? ఆ నవ్వు నచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

స్టేషన్‌లో లీడర్ చేతులెత్తి అరిచాడు. "ఆఖరి మనిషి వచ్చేశాడు! అంటే అందరూ వచ్చినట్టే."

"ఆఖరి మనిషా?"

"అవునమ్మా. ఎవరూ తప్పిపోకుండా ఒకడు అందరికన్నా వెనక నడవాలి. ఎవర్నీ దాటకూడదు. మా రూలు అది. పొద్దున చెప్పాంగా! ఈ వారం వంతు మా లిఫ్టు మెకానిక్‌ది."

ఆమెకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"అయినా ఏరా," లీడర్ వదల్లేదు, "కాలువ వంతెన దగ్గర నుంచి కనుచూపు మేరలో స్టేషనే కదా, అక్కడితో నీ డ్యూటీ అయిపోయింది. వచ్చి టీ తాగక ఇంతసేపు ఏం చేశావ్?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడ ఇంకా చెప్తున్నారండీ. మధ్యలో వదిలేసి ఎలా వస్తాను?"

బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాక ఆమె నెమ్మదిగా అడిగింది. "నేను చెప్పినవన్నీ ఎవరికైనా చెప్తారా?"

"అందరికీ చెప్తాను."

"ఎందుకు?"

"ఇంకెవరూ మీ వెనక పడకుండా."

ఆమె ఫోన్ తీసింది. అక్క నంబరు నొక్కింది.

"అక్కా, నాకా సంబంధం వద్దు. షాపు మానను. నీకు కోపమొస్తే తిట్టు, కానీ వద్దు."

"ఇదేదో నిన్నే చెప్పి చావొచ్చుగా, పిచ్చిదానా!" అంది అక్క. ఆ వెంటనే గొంతు మారింది. "ఎవడే వాడు?"

"నాలో ఉన్న చెడంతా వినేశాడక్కా. అయినా వెనకాలే వచ్చాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పక్కనే. ఇవ్వనా?"